రేవు కావాలనే వాళ్లకు ఎదురీత సలహాలు

మా ఊరు నాగల్‌గిద్దకు సముద్రం లేదు, మంజీర నదే దిక్కు. అయినా తీరంలో జెట్టీల కోసం వెచ్చించే కేంద్ర నిధుల్లో మన పన్నూ ఉంది. 2020లో వచ్చిన కేంద్ర పథకం మత్స్య సంపద యోజన విలువ రాష్ట్రాలు, లబ్ధిదారుల వాటాతో కలిపి 20,050 కోట్లు. అందుకే ఈ సలహాలు. వినగానే తప్పనిపిస్తాయి, అయినా పాటించండి.

1. కొత్త హార్బర్ అడగకండి. ముందు పూడిక తీయమని అడగండి. మచిలీపట్నం గిలకలదిండిలో మొగ పూడితే పడవలు పోటు కోసం కాచుకోవాలి. కాంక్రీటు ఎంత పోసినా లోతు లేని రేవు రేవు కాదు. ఏటేటా డ్రెడ్జింగ్‌కు డబ్బు చూపని అంచనాను గ్రామసభలోనే తిప్పికొట్టండి.

2. ప్రారంభోత్సవానికి వెళ్లకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు వెళ్లండి. పడవలు కట్టేసి ఉంటాయి, మరమ్మతులకు అదే అదను. పగుళ్లు, వెలగని దీపాలు, రాని మంచినీళ్లు రాసుకుని సమాచార హక్కు కింద లెక్కలు అడగండి.

3. రుసుము వద్దని పోట్లాడకండి. కట్టి రసీదు తీసుకోండి. ఆ సొమ్ము అదే రేవుకు ఖర్చు పెట్టాలని పట్టుబట్టండి. చిన్న తెప్పకూ పెద్ద మరబోటుకూ ఒకే రేటు మాత్రం ఒప్పుకోవద్దు.

4. భద్రత పేరుతో గేటు వేస్తామంటే తలూపకండి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదుల బోట్లు కాలిపోయాయి. అలాంటి చోట కావలసింది అగ్నిమాపక నీటి గొట్టాలు, బోట్ల మధ్య ఎడం. చేపల బుట్ట మోసే ఆడవాళ్లకు దారి మూసేస్తే మంటలు ఆగవు. పైగా తీరం ప్రభుత్వ సొంతం కాదు: సముద్రతీరం లాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులో చెప్పింది.

5. జెట్టీ మా ఊళ్లోనే కట్టాలని పంతం పట్టకండి. నాలుగు ఊళ్లు కలిసి ఒకటి అడగండి. సొంత తీరంలో సరైన వసతి లేకే శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్లే పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు.

శంకుస్థాపన రాళ్లను లెక్కపెట్టడం మానండి. వేటకు వెళ్లిన పడవ ఏ వేళ వచ్చినా ఆగగలిగే రేవునే లెక్కలోకి తీసుకోండి. ప్రజల డబ్బుతో కట్టిన ప్రతి జెట్టీనీ ఆ కొలతతోనే నిలదీయండి.