గోడకెక్కిన తెలివి

సంక్రాంతి చలికి దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకుంటే సరిపోయే హనుమాన్ జంక్షన్‌కి, ఇల్లు వెచ్చబెట్టే థర్మోస్టాట్‌ని డాలస్ నుంచి మోసుకొచ్చిన ఘనుణ్ణి నేను. ఏసీకి వాడదామనే లెండి. అయినా మోసుకొచ్చాను.

అమ్మాయి వాళ్ళింట్లో చూశాను దాన్ని. గోడమీద గుండ్రటి బిళ్ళ. ఇంట్లో ఎవరూ లేకపోతే అదే కనిపెట్టి హీటరు తగ్గించేస్తుంది. ఐపాడ్ తయారుచేసినవాళ్ళలో ఒకడైన టోనీ ఫాడెల్ పెట్టిన నెస్ట్ కంపెనీ ఇలాంటిదాన్ని 2011లో తెచ్చిందనీ, 2014లో గూగుల్ ఆ కంపెనీని 320 కోట్ల డాలర్లకు కొనేసిందనీ చదివాను. అంత పోసి ఊరికే కొంటారా అని నా లెక్క. "అది మన ఏసీలకి పనికిరాదేమో మామయ్యగారూ" అని అల్లుడు నసిగాడు. "ఏసీ ఎక్కడైనా ఏసీయే బాబూ" అన్నాను. 130 డాలర్లు నేనే ఇస్తానని పట్టుబట్టాను కూడా.

ఇక్కడ ఎలక్ట్రీషియన్ కుర్రాడు దాని వెనక మూత తీసి, "సన్న వైర్లు అడుగుతోంది బాబాయ్, ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు. అక్కడ ఇల్లంతటికీ ఒకటే యంత్రం. దాన్నుంచి 24 వోల్టుల వైర్లు గోడలోకొస్తాయి, ఆ బిళ్ళ వాటిని కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. మన స్ప్లిట్ ఏసీకి రిమోట్ చెబితేనే చెవికెక్కుతుంది. మరి మన 230 వోల్టులు తిన్నగా ఇస్తే? "మాడిపోద్ది బాబాయ్. టేపుతో అంటించమంటారా?" అంటించాడు. నుదుటి బొట్టులా బాగానే ఉంది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? వైఫైతో నడుస్తూ రిమోట్ పని చేసే పెట్టె ఇంకొకటి కొన్నాను. అది పనిచేసింది, అదే వచ్చిన చిక్కు. ఎరువుల కొట్లో కూర్చుని ఇంట్లో ఏసీ వేస్తున్నాను. "ఏమండీ, ఏసీ దానంతటదే మోగుతోంది, ఎవరినైనా పిలవండి" అని మా ఆవిడ ఫోను. బిల్లు తగ్గిందా? పెరిగింది.

ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఆ గోడ బిళ్ళ మిగిల్చేది ఖాళీ ఇంట్లో వృథాగా నడిచే వేడినీ చల్లదనాన్నీ. అలాంటివాటితో హీటింగు, కూలింగు ఖర్చు సగటున 8 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఎనర్జీ స్టార్ వాళ్ళ లెక్క. అమ్మాయీ అల్లుడూ పొద్దున ఆఫీసులకెళితే సాయంత్రం దాకా అంత ఇల్లూ ఖాళీ. వాళ్ళకి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. అక్కడైనా రోజంతా ఇంట్లోనే ఉండేవాళ్ళకీ, బయటికెళ్ళేటప్పుడు చేత్తో తగ్గించే అలవాటున్నవాళ్ళకీ దాంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఇక మా ఇల్లు ఖాళీగా ఉండేదెప్పుడు? ఏసీ ఉన్నది ఒక్క గదిలో, వేసేది రాత్రి భోజనాలయ్యాక.

మరి బిల్లు పెంచిన అసలు దొంగ, నేను ఏసీకి పెట్టే 18 అంకె. మాది ఇన్వర్టర్ లేని పాత ఏసీ. 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుందంతే. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు కలిసొస్తుందని ఏసీలకి స్టార్ గుర్తులిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన కూడా పెట్టారు. పైగా మన ఆంధ్రా కరెంటు శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలైతే, 225 దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75. వేసవిలో ఏసీ తాగేదంతా ఆ పై శ్లాబుల్లోదే, మిగిలినా అక్కడే మిగలాలి.

ఇవేవీ చదవకుండానే మా ఆవిడ 25 పెట్టి, ఫ్యాను రెండులో వేసింది. మన డెల్టా ఉక్కకి ఒంటిమీద చెమట ఆరితే సగం హాయి, ఆ పని ఫ్యానుది. రిమోట్ ఆవిడ తలగడ కిందకి చేరింది. వైఫై పెట్టె ప్లగ్గు కూడా పీకేస్తానంది గానీ, గది వేడి చూసుకోవడానికైనా ఉండనీమని బతిమాలుకున్నాను. కొట్లో బేరం లేనప్పుడు ఫోను తెరిచి చూస్తుంటాను. 34 డిగ్రీలుందట. ఆ ముక్క ఇంటికి ఫోను చేస్తే ఆవిడే చెబుతుంది, రెండు చీవాట్లు కలిపి.