ముందు ఇరుసు ఆత్మకథ

అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే కావడంవల్ల, వాన పడ్డాక నేలలో నిలిచే పదును, అంటే విత్తనం మొలవడానికి చాలినంత తేమ, ఎక్కువ రోజులు ఆగదు. ఈ ఆత్మకథ చెప్పుకొంటున్న ట్రాక్టరు ముందు ఇరుసు పుట్టుకకు సార్థకత ఆ కొద్ది రోజులలోనే ఉంది.

సాధారణ ట్రాక్టరులో ముందు చక్రాలు బరువు మోసి దారి మళ్లిస్తాయి, లాగే పని వెనుక చక్రాలదే. ఈ ఇరుసు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు చెందినది కనుక, గేరుబాక్సునుంచి వచ్చే షాఫ్టు, అంటే తిరిగే పొడవైన ఉక్కు కడ్డీ, ఇంజను బలాన్ని దీనికీ అందిస్తుంది. లీవరు వేస్తే ఆ బంధం కలుస్తుంది, తీస్తే విడిపోతుంది. ముందు చక్రాలు చిన్నవి కావడంచేత అవి ఎక్కువ చుట్లు తిరిగేలా, వెనుక టైర్లకంటే సాధారణంగా 1 నుంచి 5 శాతం ముందుండేలా గేర్ల నిష్పత్తిని కుదుర్చుతారు. ఇరుసులోని డిఫరెన్షియల్, మలుపులో కుడిఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ అటువంటిది లేదు. ఈ ఇరుసు సుఖదుఃఖాలన్నీ ఆ లేమినుంచే వచ్చాయి.

తాడిపత్రి వైపు నల్లరేగడిలో, వానల తర్వాత పప్పుశనగ విత్తే వేళ, వెనుక టైర్లు జారుతున్నప్పుడు ముందు చక్రాలు పట్టు అందించి డీజిలునూ పదునునూ కాపాడతాయి. వేగాల తేడాను మెత్తని మట్టి జరిగి సర్దుకొంటుంది. లీవరు తీయకుండా తారురోడ్డెక్కితే మాత్రం ఆ తేడాకు పోయే చోటు లేక, మలుపు మలుపుకూ షాఫ్టు మెలిపడి, గేర్ల పళ్లపై భారం పెరిగి, ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి. శనక్కాయ బస్తాల ట్రాలీతో మార్కెట్ యార్డుకు వెళ్లేటప్పుడు లీవరు తీసి ఉంచడం ఇరుసుపై చూపే నిజమైన దయ. నిటారు వాలు దిగడం మాత్రం వేరు: చాలా ట్రాక్టర్లలో బ్రేకు వెనుక చక్రాలకే ఉంటుంది కనుక, అక్కడ లీవరు వేసి ఉంటే ముందు చక్రాలూ ఆపడానికి తోడ్పడతాయి.

ట్రాక్టరులా కాక, ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో రెండు ఇరుసుల నడుమ డిఫరెన్షియలో, కంప్యూటరు అదుపులోని క్లచ్చో ఆ తేడాను సర్దుతుంది కాబట్టి, వాటిలో ఆ బంధాన్ని తారుమీద విడదీయవలసిన అవసరం లేదు.

గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థవంటి చోట్ల ఈ లీవరు మొదటి పాఠం కావాలి. దానితోపాటు టైర్ల సంగతీ చెప్పాలి: చవకగా దొరికిందని వేరే కొలత టైరు ముందు బిగిస్తే నిష్పత్తి తప్పి, పొలంలోనూ ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానినొకటి లాగుకొంటాయి.