కోసి పారేసిన తాడుని

ప్రతి మనిషి పొట్ట మీదా నా సంతకం ఉంటుంది. తొమ్మిది నెలలు తిండి, నీళ్లు, ఊపిరి అన్నీ నా దారినే వెళ్లాయి మరి! బిడ్డ భూమ్మీద పడగానే రెండు క్లాంపులు బిగించి మధ్యలో కత్తెర వేస్తారు. బిడ్డ వైపు మిగిలిన ముక్కకు ఇంకా కాస్త మర్యాద ఉంది. అది ఎండి రాలితే బొడ్డూడిందని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. మాయ వైపు మిగిలిన నన్ను అడిగేవాళ్లు లేరు. మంత్రసానుల కాలంలో మాయతో పాటు గొయ్యి తీసి పూడ్చేవారు. ఇప్పుడు ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో పడేస్తున్నారు. నేను బొడ్డుతాడుని. ఆ సంచి తప్పించుకున్న నా వాళ్లు ఏం సాధించారో, ఇంకా ఏం సాధించలేదో చెబుతాను, వినండి.

నెలలు నిండేసరికి నా పొడవు సుమారు 50, 60 సెంటీమీటర్లు. లోపల ఒక సిర, రెండు ధమనులు. మంచి రక్తం సిరలో బిడ్డకు వెళుతుంది, వాడేసిన రక్తం ధమనుల్లో మాయకు తిరిగొస్తుంది. బిడ్డ లోపల పల్టీలు కొడుతుంటే నేను మెలికలు పడతాను. అయినా నాళాలు తేలిగ్గా నొక్కుకుపోవు. వాటి చుట్టూ తాటిముంజెలా మెత్తగా, జారుతూ ఉండే పదార్థం కాపలా కాస్తుంది. ఇంగ్లండు వైద్యుడు థామస్ వార్టన్ 1656లో గ్రంథుల మీద అచ్చువేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. అందుకే దానికి వార్టన్ జెల్లీ అని పేరు.

మా ఇంట్లో ముందుగా పేరు తెచ్చుకున్నది మాత్రం నాలోని రక్తం. ఫాంకోని అనీమియా అనే రక్తవ్యాధితో బాధపడుతున్న ఒక అమెరికా బాలుడికి 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం బొడ్డుతాడు రక్తం ఎక్కించింది. అది ఆ బాలుడి చెల్లెలు పుట్టినప్పుడు సేకరించి దాచింది. అందులోని మూలకణాలు అతడి మూలుగలో కుదురుకుని కొత్త రక్తం తయారు చేశాయి. ఆ తర్వాతే ఊరూరా నా రక్తానికి బ్యాంకులు వెలిశాయి. అయితే ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. రక్తాన్ని తయారు చేసే కణాలు వేరు, ఎముకను కట్టే కణాలు వేరు.

ఎముక కట్టే కణాలు మూలుగలో ఉంటాయని సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ చాలా ముందే చూపించాడు. కానీ వాటిని తీయాలంటే తుంటి ఎముకలోకి లావుపాటి సూది దింపాలి. పైగా వయసు మీద పడేకొద్దీ వాటి సత్తువ తగ్గుతుంది. అలాంటి కణాలే నా జెల్లీలోనూ దొరికాయి. వాటిని తీస్తే తల్లికీ నొప్పి లేదు, బిడ్డకూ నొప్పి లేదు.

ప్రయోగశాలలో నాకు జరిగే మర్యాద చూడండి. ముందు రక్తమంతా పోయేలా కడుగుతారు. నిలువునా చీల్చి నాళాలు లాగేస్తారు. మిగిలిన జెల్లీని సన్నగా తరిగి, ప్లాస్టిక్ డిష్‌లో పరిచి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతారు. కొన్నాళ్లకు ముక్కల అంచుల నుంచి రెండు కొసలూ మొనదేలిన కణాలు ఒక్కొక్కటిగా పాక్కుంటూ వచ్చి డిష్ అడుగుకు అతుక్కుంటాయి. వాటికి డెక్సామెథసోన్, విటమిన్ సి, బీటా గ్లిజరోఫాస్ఫేట్ కలిపిన ద్రవం పోస్తే ఎముక దారి పడతాయి. సుమారు మూడు వారాలకు చుట్టూ కాల్షియం పేరుకుంటుంది. అలిజరిన్ రెడ్ వేసి కడిగితే, కాల్షియం ఉన్నచోటల్లా ఎర్రటి మచ్చలు తేలతాయి.

ఇంత అవస్థ ఎందుకంటారా? విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది, నిజమే. కానీ ప్రమాదంలోనో, కణితి తీసినప్పుడో పెద్ద ముక్కే పోతే ఆ ఖాళీ దానంతటది పూడదు. డాక్టర్లు తుంటి నుంచి ఎముక తీసి అక్కడ పెడతారు. ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం చేయాలన్నమాట. దీనికి మరో దారి వెతికినవాళ్లలో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన హాకిన్ షూ బృందం ఒకటి. ముద్దలా కలిపి ఖాళీలో నింపితే గట్టిపడే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటును వాళ్లు నా కణాలకు ఇల్లుగా చేశారు. సిమెంటు గట్టిపడేటప్పుడు కణాలు చావకుండా, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ పూసల్లో దాచారు. ఎముకకు రక్తనాళాలు లేకపోతే బతుకు లేదు కాబట్టి, నా సిర లోపలి పొర కణాలనూ తోడు చేర్చి చూశారు. నాళాలూ నావే, మేస్త్రీలూ నావాళ్లే!

ఎలుకల పుర్రెల్లో చేసిన ఖాళీలు పూడటంలో నా కణాలు సాయపడ్డాయి. అంతమాత్రాన నేనే గోడ కట్టానని గొప్పలు పోను. పెట్టిన కణాల్లో చాలావరకు ఎక్కువ కాలం నిలవవు. అవి పంపే సంకేతాలు విని ఆ శరీరంలోని కణాలే పని అందుకుంటాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎలుక పుర్రె వేరు, రోజంతా బరువు మోసే మనిషి తొడ ఎముక వేరు. మనుషుల్లో జరిగిన పరీక్షలు ఇంకా తక్కువే.

ఏది తేలిందో, ఏది తేలలేదో చెప్పకుండా నన్ను బీమా పాలసీలా అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా రక్తం సంగతే తీసుకోండి. బిడ్డకు ముందుముందు తన బొడ్డుతాడు రక్తమే పనికొస్తుందని ప్రైవేటు బ్యాంకులో దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో చెప్పింది.

కాబోయే అమ్మానాన్నలకు నా మనవి. బిడ్డ పుట్టగానే నన్ను కోయడానికి తొందరపడొద్దని డాక్టరును ముందే అడగండి. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. నాలో ఉన్న రక్తం మీద మొదటి హక్కు మీ బిడ్డది, దానితో బిడ్డ శరీరంలో ఇనుము నిల్వలు పెరుగుతాయి. ఎవరైనా నా కణాలతో ఎముక పెంచుతామని డబ్బు అడిగితే, అనుమతి ఉన్న ట్రయల్ పత్రం చూపమనండి. పరిశోధన కోసం నన్ను ఇవ్వమని అడిగితే మాత్రం సమ్మతి పత్రం చదివి, సంతోషంగా ఇవ్వండి. నేను ఎముక కడతానో లేదో తేలాల్సింది అక్కడే.