తెల్లకారు పద్యానికి ‘బానెట్టోద్ఘాటిని’ అను టీక

మూలం

తెల్ల కారు కొన్న తిరిగి యమ్మునపుడు
ధరలు నిలుచు నండ్రు తరగరులును
మట్టి రంగు బండి మనసుపడి కొనిన
మడుగులోని గేదె మాట యగును

అవతారిక

విజయవాడలో రామవరప్పాడు రింగు దాటి ఏలూరు వైపు సాగితే ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు వరసగా వస్తాయి. ఆ దారిలో రేకుల షెడ్ల కింద, అద్దం మీద పుట్టిన సంవత్సరం రాయించుకుని పాత కార్లు నిలబడి ఉన్న చోటల్లా ఈ పద్యం భావం వచనంలో వినిపిస్తూనే ఉంటుంది. ఛందస్సులో పెట్టినవారెవరో తెలియదు. టీకాకారుడే కట్టాడని గిట్టనివాళ్లంటారు. గిట్టేవాళ్లూ అదే అంటారు కాబట్టి ఆ చర్చ వదిలేద్దాం.

కోలాచలం మల్లినాథసూరి రఘువంశానికి ‘సంజీవని’, కిరాతార్జునీయానికి ‘ఘంటాపథం’ రాసినప్పుడు మూలంలో లేనిది చెప్పనని వ్రతం పట్టాడు. ఈ టీకకు ఆ వ్రతం లేదు. పాత కారు దగ్గర మూలంలో ఉన్నది మాత్రమే చదివినవాడు బాగుపడ్డ దాఖలా ఎక్కడా లేదు. అందుకే దీనికి బానెట్టోద్ఘాటిని అని పేరు. బానెట్ ఎత్తి చూపించేదని వ్యుత్పత్తి.

ప్రతిపదార్థం

తెల్ల కారు = తెలుపు రంగు గల కారును; కొన్న = కొన్నచో; తిరిగి అమ్మునపుడు = మూడేళ్లకో అయిదేళ్లకో, అల్లుడికి పెద్ద బండి కావాలన్నప్పుడో, చెరువులో రొయ్య తేలిపోయినప్పుడో వదిలించుకొను వేళ; ధరలు నిలుచున్ = రేటు పడిపోకుండునని; తరగరులును = తరగు పుచ్చుకొనువారు, అనగా బ్రోకర్లు కూడా; అండ్రు = అంటారు (అనడమే, కాగితం మీద రాసివ్వరు); మట్టి రంగు బండిన్ = గోధుమ, కాఫీ, ఇటుక, రాగి ఇత్యాది వర్ణముల బండిని; మనసుపడి = ఇంట్లోవాళ్లకు నచ్చిందని; కొనినన్ = కొన్నట్లయితే; మడుగులోని గేదె మాట అగును = నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడినట్లగును.

తాత్పర్యం

తెల్ల కారు తొందరగా అమ్ముడవుతుంది, మట్టి రంగుది కాదు. ఈ ముక్క పాలవాడికి కూడా తెలుసు. ఎందుకన్నదే పండితులకు పని.

తెలుపును గురించి

బెజవాడలో మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డు మీద పార్కు చేసిన నల్ల కారు తలుపు పట్టుకున్నవాడికి మొదటి కారణం అరచేతిలోనే దొరుకుతుంది. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. ఏసీ వేశాక లోపల చల్లబడటానికి పట్టే సమయం తగ్గుతుంది. రెండో కారణం అలవాటు. ఒంగోలు గిత్తల తెలుపును మెచ్చుకుంటూ, సుళ్లు లెక్కబెట్టి పశువును కొన్న జనం ఇది. అధికారి అంటే తెల్ల అంబాసిడర్, నాయకుడంటే ఖద్దరు చొక్కా, తెల్ల బండి. గుడివాడ, కైకలూరు వైపు చెరువుల గట్ల మీద దుమ్ము రేపుకుంటూ వచ్చే ఇన్నోవా తెల్లదై ఉంటే గట్టు మీద కూలీ పక్కకు జరిగే తీరు వేరు.

మూడోది ఆటోనగర్ కారణం. నాకు ఇదే బలంగా కనిపిస్తుంది. తెలుపులో రెండు జాతులు. మామూలు తెలుపు, పెర్ల్ తెలుపు. మామూలు తెల్ల డోరుకు సొట్ట పడితే పుట్టీ పెట్టి, గీకి, అదే తెలుపు కొడితే పక్క ప్యానెల్‌తో కలిసిపోతుంది. మెటాలిక్ రంగయితే ఆ మెరుపు రేణువు కలవదు. డోరు పాడైతే పక్కనున్న ఫెండర్ మీదకి కూడా స్ప్రే లాగాలి. పెర్ల్ అయితే మూడు కోట్లు కొట్టాలి, ఖర్చు మరీ ఎక్కువ. పైగా పెర్ల్ రంగుకు షోరూములో కొన్ని వేలు అదనంగా పుచ్చుకుంటారు. తిరిగి అమ్మేటప్పుడు ఆ వేల ఊసు ఎవరూ ఎత్తరు.

షోరూము కూడా ఈ తెలుపు భక్తిని పెంచి పోషిస్తుంది. శ్రావణమాసం వచ్చింది, ఆషాఢం అంతా ఆగిన జనం ఒక్కసారిగా వచ్చారు, దసరాకు దుర్గమ్మ కొండ కింద పూజ చేయించాలి. నీలం కావాలంటే ఎగ్జిక్యూటివ్ కంప్యూటర్ వైపు చూసి, ‘సార్, ఆర్డర్ పెట్టాలి, టైం పడుతుంది. వైట్ అయితే స్టాక్ యార్డులో ఉంది, రేపు మంచిరోజే’ అంటాడు. ఎక్కువమంది తెలుపే కొంటారని డీలరు తెలుపే తెప్పిస్తాడు, తెలుపే ఉందని జనం అదే కొంటారు. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టీ కార్లన్నీ నలుపులోనే చేసింది, ఇంకో రంగు ఇవ్వలేదు. ఇక్కడ ఎవరూ నిషేధించలేదు, అయినా ఊరు తెల్లబడింది.

‘ధరలు నిలుచు’

ఇక్కడ పాతవారు పొరబడ్డారు. రంగుకు ధర ఉంటుందనుకున్నారు. పాత కార్ల లాటు యజమాని పక్కన ఒక పూట కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. అతను ముందు చూసేవి మోడల్, తయారీ సంవత్సరం, డీజిలా పెట్రోలా, ఎన్ని వేల కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ క్లియరయిందా. రంగు చిట్టచివర. అప్పుడు కూడా అతను అడిగేది అందంగా ఉందా అని కాదు, ఎన్నాళ్లు నిలబడుతుందని.

అతని డబ్బు సొంతం కాకపోవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 5 లక్షలతో బండి కొంటే నెలకు 10 వేలు వడ్డీ. తెల్లది పదిహేను రోజుల్లో పోతే 5 వేలు. కాఫీ రంగుది మూడు నెలలు నిలబడితే 30 వేలు. ఆ తేడాను మీ కాఫీ రంగు బండి ధరలోంచి ముందే కోసేసి మాట్లాడతాడు. దాన్నే మనం ‘రంగు బాలేదని తగ్గించాడు’ అని ఇంటికొచ్చి చెప్పుకుంటాం. అతని పక్షాన ఇంకో మాట. అమ్మకంలో మిగిలిన లాభం మీద రిజిస్టరైన డీలరు 18 శాతం జీఎస్టీ కట్టాలి. 2025 జనవరి నుంచి చిన్న బండికీ పెద్ద బండికీ అదే రేటు.

ధర నిలవడం అనే నమ్మకానికి అదే ఏడాది సెప్టెంబరు 22న గట్టి దెబ్బ తగిలింది. కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతది నిలబడుతుందా? ముందు నెల ‘వైట్ సార్, రేటు తగ్గదు’ అన్న నోరే, ‘కొత్తదే దిగింది కదా బాబాయ్’ అంది. ఆ రోజు తెలుపు, కాఫీ, ఇటుక అన్నీ కలిసే దిగాయి.

పూర్వపక్షం

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడు ఇక్కడ అడ్డు తగులుతాడు. అక్కడ ఐసీకార్స్ అనే సంస్థ 2023లో 16 లక్షలకు పైగా వాడిన కార్ల ధరలు పరిశీలించింది. మూడేళ్లలో సగటున 22.5 శాతం విలువ పోతే, పసుపు కారుకు 13.5 శాతమే పోయింది. అన్నిటికన్నా నష్టపోయింది బంగారు రంగు, 25.8 శాతం. తెలుపు సగటు పక్కనే నిలబడింది. ‘కాబట్టి మామయ్యా, పసుపు కొను’ అంటాడు.

సమాధానం. అక్కడ పసుపు కార్లు తక్కువ, వాటిలో స్పోర్ట్స్ కార్ల పాలు ఎక్కువ. కావాలనుకునేవాడికి ఇంకోటి దొరకదు. ఇక్కడ పసుపు అంటే ముందు గుర్తొచ్చేది ప్లేటు. పసుపు మీద నల్లక్షరాలుంటే కిరాయి బండి, తెలుపు మీద నల్లక్షరాలుంటే సొంత బండి, ఆకుపచ్చ అయితే కరెంటు బండి. ఒంటి రంగు కన్నా ఈ పలక రంగే ధరను ఎక్కువ కదిలిస్తుంది. కిరాయికి తిరిగి, పన్ను కట్టి, తెల్ల ప్లేటుకు మారిన బండి ఎంత తళతళలాడినా కొనేవాడి చెయ్యి వెనక్కే పోతుంది.

తెలుపు భక్తుల గొంతులో వెలక్కాయ కూడా ఇక్కడే పడుతుంది. ట్రావెల్స్ వాళ్లు కొనేవీ ఎక్కువగా తెల్లవే. కాబట్టి తెల్ల కారును చూసినవాడు ‘ఇది తిరుపతి, శ్రీశైలం ఎన్నిసార్లు పోయొచ్చిందో’ అని అనుమానించక తప్పదు. ఇటుక రంగు బండికి ఆ అనుమానం లేదు. అది ఎవరో మనసుపడే కొన్నారు, ఇంట్లోనే వాడారు.

మేనల్లుడు కనుక్కోని వర్ణం ఒకటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ సైన్యానిది. మామూలు మనిషి బండికి ఆ రంగు వేయించుకోకూడదు. అంచేత ఆ రంగు పునర్విక్రయ విలువను గురించి శాస్త్రాలు మౌనం వహించాయి.

మట్టి రంగు, ధ్వని

ఈ పద్యానికి ఇంతవరకు చెప్పిన అర్థం వాచ్యం. 2024 సెప్టెంబరు తర్వాత చదివితే ఇంకొకటి వినిపిస్తుంది.

ఆ నెల మొదటి తేదీన బుడమేరు గండ్లు పడి విజయవాడ మీద పడింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటించుకుని తన పాత రికార్డు చెరిపేసింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లు అద్దాల దాకా మునిగాయి. నీళ్లు తీశాక వీధిలో ఉన్న ప్రతి కారుదీ ఒకే రంగు. తెల్లదీ, నల్లదీ, వెండిదీ అంతా మట్టే. మడుగులోని గేదె ఉపమానం కాదని, ఆ వీధుల్లో కళ్లెదుట నిలబడిందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అన్వయం మార్చండి. మొదటి రెండు పాదాల్లోని తెల్ల కారూ, తర్వాతి రెండు పాదాల్లోని మట్టి రంగు బండీ రెండు కార్లు కావు. ఒకటే. కడిగితే తెలుపు మళ్లీ వచ్చింది. వైరింగు మాత్రం రాలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కట్టి వేలంలో అమ్మేసిన బండి, నాలుగు చేతులు మారి, సీటు కవర్లు కొత్తవి వేయించుకుని, లోపల మల్లెపూల సెంటు కొట్టించుకుని ఎక్కడో లాటులో నిలబడుతుంది. అందుకే ఇప్పుడు ఎరిగిన మెకానిక్కు బానెట్ కన్నా ముందు సీటు బెల్టును చివరిదాకా లాగుతాడు. లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద మట్టి చార కడగడం ఎవరికీ గుర్తుండదు. తర్వాత సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో బురద, కార్పెట్ ఎత్తితే వాసన. నీళ్లు మింగిన ఇంజన్‌ను తొందరపడి స్టార్ట్ చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటుంది. అది చెవితో పట్టుకోవాలి.

పూర్వం నంబరు చూసి ఊరు చెప్పేవారు. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 గుంటూరు, ఏపీ 37 పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక ఆ జాడ పోయింది. బుడమేటి బండి అనంతపురంలో నిలబడితే ప్లేటు నోరు విప్పదు. ఆర్సీలో చిరునామా, ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడిగి చూసినవాడికే అది మాట్లాడుతుంది.

‘తిరిగి అమ్మునపుడు’ అను ఉపాధి

ఇల్లాలు అడిగే ప్రశ్న శాస్త్రకారులెవరూ వేయలేదు. ‘అమ్మేదెవరు?’ అని. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది. అన్నేళ్లూ వాడేవాళ్లకు చివర్లో ఏ రంగయినా రేటు దాదాపు ఒకటే, తుక్కువాడు తూకం వేస్తాడు గాని కాఫీ రంగుకు తరుగు తీయడు. మూడేళ్లకోసారి మార్చేవాడికి చెప్పిన పద్యాన్ని నమ్మి, పదిహేనేళ్లు వాడేవాడు నచ్చని రంగులో తిరుగుతున్నాడు. అసలు తెలివైనవాడు లాటులో ఎవరూ ముట్టని ఇటుక రంగు బండిని, డీలరు వడ్డీ భారం పెరిగిన మూడో నెలలో అడుగుతాడు. ఈ రహస్యం పద్యంలో లేకపోవడానికి కారణం తేలికే. పద్యం చెప్పేది తరగరి.

‘తరగరులును’లోని ‘ను’

‘కూడా’ అని అర్థం. ఇంకెవరంటారు? అమ్మేవాడు. కొనేవాడు ఆ జాబితాలో లేడు. తరగరి మాత్రం రెండు వైపులా కమీషన్ తీసుకుంటాడు గనుక రెండు వైపులా మాట్లాడతాడు. కొనేవాడితో, ‘బాబాయ్, రంగు మీకోసం చూసుకునేది కాదు, రేపు మీ దగ్గర కొనేవాడి కోసం’ అంటాడు. అదే తెల్ల కారు మీరు అమ్మకానికి తెచ్చిన రోజు, ‘వైటే కదా అండీ, ఈ వరసలోనే పది ఉన్నాయి’ అంటాడు. రెండూ నిజమే.

ప్రక్షిప్తం

పద్యంలో ఆర్టీవో ఆఫీసు ప్రస్తావన లేదు. తర్వాతివారు చేర్చారు. మోటారు వాహనాల చట్టం, 1988, 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోనే బండి అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో. అందుకు ఫారం 29, ఫారం 30. 2023 ఏప్రిల్ 1 నుంచి అనుమతి పొందిన డీలరుకు బండి అప్పగిస్తే ఫారం 29సి కూడా ఉంది. అది పోర్టల్లో ఎక్కాక ఆ బండి మంచి చెడ్డలకు డీలరే బాధ్యుడు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, ‘పార్టీ దొరికాక ట్రాన్స్‌ఫర్ చేయిస్తా’నన్న మాట నమ్మి వచ్చినవారికి ఈ రక్ష లేదు.

వారికి కొన్నాళ్లకు ఫోన్లో చలానా వస్తుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దాటిన ఫొటోతో సహా. అమ్మింది కాఫీ రంగు బండి. ఫొటోలో ఉన్నది తెల్ల కారు, ఆర్సీలో రంగు గడి మార్పించకుండానే ఎవరో తెలుపు కొట్టించేశారు. నంబరు మాత్రం మీదే, జరిమానా కూడా.