పళ్లగదిలో కార్నేషన్లు

మా ఇంట్లో ఎవరి పెళ్లి మాట ఎత్తినా మా చెల్లెలు ముందు నా వంక చూసి నవ్వుతుంది. ఆ నవ్వు వయసు పాతికేళ్లు దాటింది. దాని వెనక కథ ఇన్నాళ్లూ మా చుట్టాలంతా తలో రకంగా చెప్పారు. ఒక్కసారైనా నాకు అనుకూలంగా చెప్పుకుందామని కూర్చున్నాను. ఎటు తిప్పినా కుదరడం లేదు.

1998 మే నెల. రాజమండ్రిలో చెల్లెలి పెళ్లి, రాత్రి ముహూర్తం. నాన్న వంటవాళ్లతోనూ, అమ్మ పెట్టుపోతల చీరలతోనూ తలమునకలుగా ఉంటే, "పూల సంగతి నాకొదిలేయండి" అన్నాను. అప్పటికి రెండేళ్లుగా బెంగుళూరులో ఉద్యోగం వెలగబెడుతున్నాను. ఆ ఊరి చుట్టుపక్కలా, హోసూరు వైపూ ప్లాస్టిక్ కప్పుల కింద పూలు పెంచడం జోరందుకున్న రోజులవి. అక్కడొక రిసెప్షన్‌లో కార్నేషన్లు చూశాను. పువ్వంటే ఇదీ అనుకున్నాను. మనవాళ్లింకా బంతిపూల దగ్గరే ఆగిపోయారని తెగ జాలిపడ్డాను కూడా.

అయినా నాన్న మాట కాదనలేక సెంటర్‌లో పూలకొట్టుకి వెళ్లాను. కొట్టు పెద్దాయన తడిగుడ్డ తొలగించి గుప్పెడు మల్లెమొగ్గలు నా అరచేతిలో పోశాడు. చల్లగా, గట్టిగా ఉన్నాయి. తొడిమ దగ్గర ఇంకా లేతాకుపచ్చ పోలేదు.

"ఆయ్, తెల్లారగట్ల కోసినయ్యండి బాబుగారూ. రాత్రికి విచ్చుకుంటాయండి. తమరి ముహూర్తం ఎన్నింటికండి?"

నేను దానికి జవాబు చెప్పలేదు. "కార్నేషన్లు దొరుకుతాయా?" అన్నాను. ఆ పేరు ఆయన విని ఉండడని నాకు తెలుసు. తెలిసే అడిగాను. కింద రాసేవన్నీ తెలివితక్కువ పనులే గానీ, ఇదొక్కటీ వేరే రకం.

పక్కనే కడియం. పొద్దున్నే కడియపులంక సంతకి వెళ్తే పెళ్లికి సరిపడా పూలు గంటలో బుట్టలకెక్కేవి. నేను మాత్రం బెంగుళూరు నుంచి రైలు పార్సిల్‌లో అట్టపెట్టెలు తెప్పించాను. ఎరుపూ తెలుపూ కార్నేషన్లు, ఊదారంగు ఆర్కిడ్లు. పెళ్లికి ముందురోజు సాయంత్రం దిగాయి. మే నెల ఎండ. ఇంట్లో చల్లటి చోటు కోసం వెతికాను. పెరటి వైపు కిటికీకి తడి గోనెపట్టా కట్టిన చీకటిగది ఒకటుంది. పెట్టెలు అందులో పెట్టించి, గాలి తగలకుండా తలుపు బిగించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఎవరూ ముట్టుకోకూడదని.

ఆ గది ఎందుకు చల్లగా ఉందో నేను ఆలోచించలేదు. అది పళ్లగది. అందులో గడ్డిలో మాగేసిన రసాలు, బంగినపల్లులు, దూలానికి వేలాడుతూ చక్రకేళి గెలలు. ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంటే ముక్కుపుటాలు ఎగరేసి ఆనందించాను కూడా.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, అలంకరణ కుర్రాళ్లని వెంటేసుకుని తలుపు తీశాను. పెట్టె మూత తీస్తే, రేకుల అంచులు లోపలికి చుట్టుకుపోయి, ఒక్కో కార్నేషనూ పిడికిలి బిగించినట్టుంది. నీళ్లు చల్లాను. కాడల చివర్లు కోసి బకెట్లో పెట్టాను. ఒక్కటీ పిడికిలి విప్పలేదు. ఆర్కిడ్లు కాడల నుంచి రాలిపోయాయి. అలంకరణ కుర్రాడొకడు మెల్లిగా, "థర్మోకోల్ ఉంది కదండీ" అన్నాడు. ఉంది. చెల్లెలి పేరూ బావ పేరూ కోసి, చమ్కీ చల్లి, మధ్యలో రెండు హంసలతో. అదీ నా ఆలోచనే.

పళ్లు పండుతూ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయని, అది సోకితే కార్నేషన్ ఇట్టే ముసలిదైపోతుందని చాలా ఏళ్ల తర్వాత ఉద్యానశాఖలో పనిచేసే మిత్రుడు చెప్పాడు. ఆ బాధ తప్పించడానికే పెంచేవాళ్లు చాలామంది కోసిన వెంటనే వెండి లవణం కలిపిన నీళ్లలో నిలబెడతారట. నేను మాత్రం కాయని పండించే గాలినే గదినిండా పట్టి, పూలని అందులో పెట్టి తాళం వేశాను.

అయిదింటికి నాన్న నన్నేమీ అనకుండా సైకిల్ మీద వెళ్లి కొట్టు పెద్దాయన్ని తీసుకొచ్చారు. ఆయన వెనక రిక్షాలో మూడు గంపలు. మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం, దండలకి లిల్లీలు. వీధి అరుగు మీద ఇద్దరు ముత్తయిదువలు కూర్చుని, సన్నగా కోసిన అట్ట మీద మొగ్గ పక్కన మొగ్గ పెట్టి సూదీదారంతో జడ కుట్టారు. నాలుగు వరసల మల్లెలకి ఒక వరస కనకాంబరం, చివర జడగంటలు. చెల్లెలు పీటల మీద కూర్చునేసరికి అవి మొగ్గలే. జీలకర్ర బెల్లం వేళకి సగం విచ్చుకుని జడ ఉబ్బింది. తలంబ్రాలు పోసుకునేసరికి పందిరంతా ఒకటే వాసన. "ముహూర్తం ఎన్నింటికండి" అని ఆయన అడిగింది ఇందుకన్నమాట.

పెద్దాయన రోజూ అమ్మే ధరే తీసుకున్నాడు. రెట్టింపు అడిగి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

మా అమ్మ పెళ్లి ఫోటో ఒకటుంది, 1966 నాటిది. స్టూడియోలో అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, ముఖమూ పూలజడా రెండూ పడేలా తీసినది. అలాంటి ఫోటో లేని పాత ఇల్లు మన వైపు తక్కువే. ఆ ఫోటో చూసీ చూసీ నేనొక సిద్ధాంతం తయారుచేశాను (నా సిద్ధాంతాల విలువ ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది). పెళ్లిపూలని మార్చింది పెళ్లికూతుళ్లు కాదు, కెమెరాలు. నలుపు తెలుపు ఫోటోలో నల్లటి జడ మీద మల్లెకి ఎదురులేదు. రంగుల ఫోటో వచ్చాక కనకాంబరానికి గిరాకీ పెరిగింది. వీడియో లైట్లు వచ్చాక వాసనతో పనిలేకుండా పోయింది. ఎర్రగా, పెద్దగా, ఆ వేడికి తలవంచకుండా నిలబడితే చాలు. ఇప్పుడు ఫోన్ తెరల కోసం అన్నీ వెలిసిన రంగులు. వెనకటికి చాకిరేవులో అలా వెలిస్తే దెబ్బలాడేవాళ్లం.

2023 కార్తీకంలో చెల్లెలి కూతురి పెళ్లి, హైదరాబాద్‌లో. అలంకరణ చేసే అమ్మాయి టాబ్ తీసి చూపించింది. లేత గులాబీరంగు గోడ, తెల్లటి జిప్సోఫిలా గుత్తులు, థాయిలాండ్ ఆర్కిడ్లు. నేను గొంతు సవరించుకున్నాను. కార్నేషన్లతో చెంపదెబ్బ తిన్నవాణ్ణి కదా, ఇప్పుడు సంప్రదాయానికి వకీలుని. "మిగతావి మీ ఇష్టం, పూలజడ మాత్రం అచ్చంగా మల్లెమొగ్గలతోనే, మా అమ్మ జడలాగే" అన్నాను. మేనకోడలు "నీ ఇష్టం మావయ్యా" అంది. అన్నాక మళ్లీ పూల బాధ్యత నాదే.

తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లాను. బంతి, చామంతి గుట్టల మధ్య ఒక పెద్దమ్మ ముందు నిలబడి మల్లెల గొప్పతనం మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నా వంక ఎగాదిగా చూసింది.

"చలికాలంల మల్లెలు యాడికెళ్లి వస్తయ్ సారూ? మదురై నుంచి గిన్ని వస్తయ్, కిలో వేలల్ల ఉంటది. కాగడాలున్నయ్, తీస్కపో."

1998లో మల్లెలు గుట్టలుగా ఉన్న వేసవిలో కార్నేషన్లు అడిగాను. 2023లో మల్లెలు లేని చలిలో మల్లెలు అడిగాను. ఆ ముక్క ఇంట్లో ఒప్పుకుంటే సరిపోయేది. కాగడాలు కొని, ఇంటికొచ్చి మల్లెలని చెప్పాను.

చూపుకి కాగడా మల్లెకి చెల్లెలే. వాసన ఉండదు. మా చెల్లెలు జడ చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం తట్టుకోలేక, పక్కగదిలోకి తీసుకెళ్లి జడ మీద మల్లె సెంటు కొట్టాను. ఒకసారి కొడితే చాలలేదనిపించి మళ్లీ కొట్టాను. అందులో స్పిరిట్ ఉంటుందన్న సంగతి, అరగంటకి మొగ్గల మీద గోధుమరంగు మచ్చలు లేచాక గుర్తొచ్చింది.

చెల్లెలు ఆ మచ్చల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అన్నయ్యా, ఈసారి ఏ గదిలో పెట్టావ్?"

ఫోటోగ్రాఫర్ కుర్రాణ్ణి పక్కకి పిలిచి, ఎవరికీ తెలియకుండా, ఆ మచ్చలు చెరిపించాను. ఆల్బమ్‌లో మేనకోడలు అద్దానికి వీపు పెట్టి నిలబడింది, అచ్చం మా అమ్మలాగే. జడ పాలలా తెల్లగా ఉంది. చుట్టాలు చూసి, మల్లెలంటే ఇవీ అంటున్నారు. నేను తలూపుతున్నాను.

వచ్చే మాఘంలో మా తమ్ముడి కొడుకు పెళ్లి. నాకు మంచినీళ్ల సీసాల లెక్క అప్పజెప్పారు. అవి పెట్టడానికి చల్లటి గది ఏదైనా చూడమంటారా అని అడిగాను. ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.