ఏ మత్తు ఇచ్చావో రాసిపెట్టు నాయనా

మా రోజుల్లో ఐసోఫ్లూరేన్ యంత్రాలెక్కడివి? మూత ఉన్న గాజు జాడీ, అడుగున ఈథర్‌లో తడిపిన దూది. గంటల తరబడి మెదడు సంకేతాల రికార్డింగ్ ఉంటే యూరిథేన్ సూది. అది క్యాన్సర్ తెచ్చే మందని తెలిసీ ఉత్త చేతులతో కలిపేవాళ్లం. ఆ అలవాటు పోయింది, మంచిదే. కానీ ఎలుకకి ఏ మందు, ఎంత, ఏ నిమిషాన ఇచ్చామో రాయకపోతే మా గురువుగారు ఆ రోజు రీడింగులన్నీ కొట్టేసేవారు.

ఇప్పటి పిల్లలకి కోసే యంత్రం, వైబ్రటోమ్ ఉంది, 300 మైక్రాన్ల మెదడు ముక్క నున్నగా తెగుతుంది. ఐసులో పెట్టిన ద్రావణంలోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు. ఇంతా చేసి పేపర్లో 'మత్తు ఇచ్చి మెదడు తీశాం' అని ఒక్క ముక్క! మొన్న ఒకమ్మాయి స్లైసులన్నీ చచ్చిపోతున్నాయని వచ్చింది. మైక్రోస్కోపు కింద చూస్తే ప్రతి కణంలోనూ కేంద్రకం కొట్టొచ్చినట్టు కనపడుతోంది, అంటే పోయినట్టే. బ్లేడు మూడుసార్లు మార్చిందట. ఎలుక ఎంతసేపు మత్తులో ఉందమ్మా అంటే, చూసుకోలేదు అంది.

మత్తుమందు పడుకోబెట్టి తప్పుకునేది కాదు. కెటమిన్ ఎన్‌ఎండీఏ గ్రాహకాల్ని అడ్డుకుంటుంది. కోసేటప్పుడు పొంగే గ్లుటమేట్ నుంచి కణాల్ని కొంత కాస్తుంది, నిజమే. కానీ జ్ఞాపకం మీద ప్రయోగానికి చాలాసార్లు ఆ గ్రాహకాలే కావాలి కదా! ఐసోఫ్లూరేన్ ఊపిరితో వచ్చి ఊపిరితో పోతుంది. అలాగని మోతాదు మించి ఊపిరి మందగిస్తే, ముక్క కోయకముందే కణాలకి ఆక్సిజన్ కరువు. ఇక పసి మెదడు సంగతి వేరే. ఏడు రోజుల ఎలుక పిల్లలకి మిడజోలమ్, నైట్రస్ ఆక్సైడ్, ఐసోఫ్లూరేన్ కలిపి ఆరు గంటలు ఇస్తే నాడీకణాలు విస్తారంగా చనిపోయాయని, పెద్దయ్యాక ఆ ఎలుకలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయని 2003లోనే తేలింది.

రాసిపెట్టడం ఎందుకంటారా? మన హైదరాబాదులో 1889లో రెండో క్లోరోఫాం కమిషన్ వందల జంతువుల మీద పరీక్షలు చేసింది. క్లోరోఫాం మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని ఆ కమిషన్‌ని నడిపించిన డాక్టర్ లారీ గారి పట్టు. ఆ తీర్పు తర్వాత నిలవలేదు. అయినా వాళ్లు ప్రతి పరీక్షనీ రాసి అచ్చు వేశారు కాబట్టే తరవాతివాళ్లు దానితో వాదించగలిగారు.

రేపు ల్యాబులో నోటుబుక్కు తెరవగానే మందు పేరు, మోతాదు, ఎన్ని నిమిషాలు, ఈ మూడూ రాయండి. ఆ తర్వాతే బ్లేడు పట్టుకోండి.