నల్ల బీరు పద్యమునకు టీకా తాత్పర్యములు

నల్ల బీరునందు నాటు మందుల కంపు
వెన్న వాసనయును వెగటు వగరు
మాడు గింజ నేల మందలింతువొ యన్న
నీటి నడిగి చూడు నిజము తెలియు

అవతారిక: బ్రిటనులో ఇంట బీరు కాచుకొనువాడు సర్కారువారి అనుమతిపత్రము పుచ్చుకొనవలయునను నిర్బంధమును 1963 బడ్జెట్టులో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ తొలగించినది మొదలు, అమ్మకమునకు గాక తమకొరకే కాచుకొను గృహస్థులకు స్వాతంత్ర్యమును, దానివెంట దోషవిచారమను శాస్త్రమును సంక్రమించినవి. పద్యకర్త యెవరో తెలియదు; నుడికారమునుబట్టి గుంటూరువాడనియు, అనుభవమునుబట్టి తూర్పు లండను వాస్తవ్యుడనియు ఊహింపనగును.

టీక: నల్ల బీరునందు = మాడిన బార్లీచే కాటుకవన్నె దాల్చిన పోర్టరు, స్టౌటు మొదలగువానియందు; నాటు మందుల కంపు = టీసీపీ యను క్రిమిసంహారక ద్రవపు సీసా మూత తీసినట్టి గంధమును; వెన్న వాసనయును; వెగటు వగరు = నాలుకను పట్టి వదలని రుచియు (కలిగెనేని అని అధ్యాహారము); మాడు గింజన్ = వేచిన బార్లీని; ఏల మందలింతువొ = ఎందుకు తిట్టెదవు; అన్న = ఓ అన్నా (సీసాలు బిగించి వారముల తరబడి వేచినవాడు గనుక ఈ మృదుసంబోధన); నీటిన్ = కుళాయి జలమును; అడిగి చూడు = పరీక్షింపుము.

తాత్పర్యము: బీరు చెడినపుడు గింజను నిందింపక నీటిని విచారింపవలెను.

విశేషములు: 1817లో డేనియల్ వీలర్ బార్లీ వేచు పీపాకు పేటెంటు పొందినప్పటినుండి కారునలుపు మాల్టు సులభసాధ్యమైనది, నాటినుండియు నేరమెల్ల దాని నెత్తినే పడుచున్నది. నల్లనిది గనుక దోషి యనుట పామరవాదము. కుళాయి నీటిలోని క్లోరిను, గింజనుండియు ఈస్టునుండియు వచ్చు ఫినాలులతో కూడి క్లోరోఫినాలులగును. అవి వంద కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నను ముక్కు పసిగట్టును. స్టౌటులోని మాడు రుచి ఎన్నో చిల్లర దోషములను కప్పిపుచ్చును గాని దీనిని కప్పజాలదు. బ్లీచితో కడిగిన డబ్బాను బాగుగా తొలువకున్నను ఇదే ఫలము.

ఇక వగరు. లండను నీరు సున్నపురాతి నేలనుండి వచ్చునది, బైకార్బనేట్లు మెండు. మాడిన గింజలోని ఆమ్లము దానికి విరుగుడై, మాల్టు నానిన నీటి పీహెచ్ 5.2, 5.6ల నడుమ కుదురుకొనును. పోర్టరు ఆ నగరమున వర్ధిల్లుటకు ఇదియు నొక హేతువు. ఆ కొలతలనే గ్లాస్గోలో, 1859 నుండి ఆ ఊరికి చేరుచున్న క్యాట్రిన్ సరస్సు మెత్తని నీటితో పాటించినచో, ఆమ్లమునకు ఎదురు లేక రుచి గరుకు పులుపునకు తిరుగును. గింజ అదే, తూకము అదే, నీరు వేరు. పోనీ లండనులోనే యుండి, పిప్పిపై 77 డిగ్రీలు మించిన సున్నపు నీటిని ఆశకొద్దీ పోసి పోసి కడిగితిమా, పొట్టులోని టానిను దిగి, మరిగి మరిగి అడుగున మిగిలిన టీ డికాషనువలె నుండును.

వెన్న విషయమున మాత్రము కవిని సమర్థించుట కష్టము. ఆ వాసన డయాసిటైలుది. అది ఈస్టు పని, నీటికి సంబంధము లేదు. పొంగు అణగినదని తొందరపడి చల్లార్చక, మరి రెండు మూడు దినములు వెచ్చగా నుంచినచో ఆ ఈస్టే దానిని మరల గ్రహించును. త్వరగా అడుగున పేరుకొను ఇంగ్లీషు ఈస్టులతో ఈ ఓపిక మరింత అవసరము. ‘వెగటు’నకు యతి కుదుర్చుటకై కవి వెన్నను తెచ్చెనని నా అభిప్రాయము.

పాఠాంతరము: నాల్గవ పాదమును కొందరు ‘నీరు కాచి చూడు’ అని చదువుదురు. గణములు చెడవు, బీరు చెడును. ఏలయన, క్లోరిను కాచిన పోవును గాని, దానిని అమ్మోనియాతో కలుపగా నేర్పడు క్లోరమైను అంత సులభముగా పోదు. దానికి మెటాబైసల్ఫైటే మందు. గ్లాస్టర్‌షైరులోని చిప్పింగ్ క్యామ్డెన్ ఊరి పేర దానిని క్యామ్డెన్ బిళ్లలని అమ్ముదురు. 25 లీటర్లకు అరబిళ్ల నలిపి కలిపిన, కొద్ది నిమిషములలో పని తీరును. కావున ‘నీటి నడిగి’ అనునదే సాధుపాఠము.